తాటిచెట్టెక్కిన రూటరు

సీతారాములు మైకుసెట్టు మోగిందంటే గుట్ట అవతలి ఊరి కుక్కలు కూడా లేచి నిలబడతాయి. తర్లగూడ రోడ్డు నుంచి లోపలికి వచ్చే పల్లెల్లో పెళ్లయినా, జాతరయినా, సర్పంచ్ ఎన్నికయినా ఆ సెట్టే దిక్కు. అలాంటి మనిషికి పుట్టుకతోనే చెవులు వినిపించని దుర్గమ్మ భార్యగా వచ్చేసరికి ఊరు చాలాకాలం ముసిముసిగా నవ్వుకుంది. ఎంత సౌండు పెట్టినా ఇంట్లో అడ్డు చెప్పేవాళ్లు లేరు, అదృష్టవంతుడు అన్నారు. ఊరన్నాక ఏదో ఒకటి అనాలి కదా.

సీజను లేనప్పుడు సీతారాములుకు ఇంకో పిచ్చి ఉంది. వెలగని టార్చిలైట్లు, పలకని రేడియోలు, ఎవరో పారేసిన ఛార్జర్లు అన్నీ అతని వసారాలోకి చేరతాయి. వాటిని విప్పుతాడు, చూస్తాడు, మళ్లీ బిగిస్తాడు. కొన్ని బాగవుతాయి, ఎక్కువ భాగం కావు. కానివాటిని కూడా పారెయ్యడు. పడుకోవడానికి చోటు లేక ఎండాకాలంలో దుర్గమ్మ మంచం వాకిట్లోకి మార్చుకుందే తప్ప ఆ సామాను మాత్రం కదల్లేదు. పిల్లలు లేని ఇల్లు కాబట్టి ఎవరూ వాటి మీద చెయ్యి వెయ్యరని అతని ధీమా.

ఆ వసారాలో పోయిన ఎండాకాలం ఒక రూటరు తయారైంది. సరదాకు మొదలుపెట్టాడని అందరూ అనుకున్నారు. అడిగినవాళ్లతో అతనూ అదే చెప్పాడు. అసలు సంగతి వేరే ఉంది.

దుర్గమ్మకు రాధ అని ఒక చెల్లెలు. ఆమెకూ చెవులు వినిపించవు. చిన్నప్పుడు ఈ అక్కాచెల్లెళ్లిద్దరూ, వాళ్లమ్మా కలిసి చేతులతో ఒక భాష అల్లుకున్నారు. ఏ బడీ నేర్పింది కాదు. పొలంలో, పొయ్యి దగ్గర, ఇప్పపువ్వు ఏరే చోట అవసరం పడ్డ మాటల్లా పుడుతూ వచ్చాయి. ఎవరికి ఏ గుర్తో, ఏ ఊరికి ఏ గుర్తో, వాన రాబోతే ఎలా చెప్పాలో, వచ్చి వెలిసిపోతే ఎలా చెప్పాలో ఆ ముగ్గురికే తెలుసు. అమ్మ పోయింది. తర్వాత రాధ హైదరాబాద్ పక్కన ఒక ప్యాకింగ్ కంపెనీలో చేరి, వాళ్ల హాస్టల్‌కు వెళ్లిపోయింది. అక్కడ తనలాంటి అమ్మాయిలు చాలామంది ఉన్నారట. ఇక్కడ దుర్గమ్మ ఒక్కతే మిగిలింది. ఆ భాష తెలిసిన మనిషి చుట్టుపక్కల ఎక్కడా లేకుండా పోయింది.

భార్యాభర్తల మధ్య సైగలు లేవని కాదు. తిన్నావా, నీళ్లు పొయ్యి, ఎద్దును కట్టెయ్యి, ఎప్పుడొస్తావు – ఇలాంటివి బాగానే సాగుతాయి. సంసారానికి అంతకన్నా ఏం కావాలని సీతారాములు అనుకునేవాడు. చాలామంది మగవాళ్లు అలాగే అనుకుంటారు, చెవులు వినిపించే భార్యల దగ్గర కూడా.

ఊరు గుట్ట చాటున పల్లంలో ఉంటుంది. వాగు ఒడ్డున ఒక బండ ఉంది. దాని మీద నిలబడి తల ఓ పక్కకు వంచితే ఫోనులో మాట వినబడుతుంది, అదీ తెగుతూ తెగుతూ. మాట వినబడితే దుర్గమ్మకేం లాభం? ఆమెకు మనిషి కనబడాలి. వీడియో రావాలంటే పెద్ద రోడ్డు మీది హోటల్ దాకా నడవాలి. రాధ వెళ్లిన కొత్తలో ఆమె అలాగే వెళ్లేది. ఫోనును టీ గ్లాసుకు ఆనించి, రెండు చేతులూ ఎత్తి చెల్లెలితో మాట్లాడేది. అక్కడ పనిలేకుండా కూర్చునే కుర్రాళ్లకు అదొక తమాషా అయింది. ఒకడు ఆమె వెనక నిలబడి ఆమెలా చేతులు ఊపుతుంటే ఇంకొకడు ఫోనులో తీశాడు. దుర్గమ్మ వెనక్కి తిరిగేసరికి అందరూ నవ్వుతున్నారు.

ఆ రోజు ఆమె ఇంటికి వచ్చి ఫోను బట్టలపెట్టె అడుక్కు తోసేసింది. మళ్లీ ఆ హోటల్ వైపు వెళ్లలేదు. సీతారాములుకు సంగతి మూడో మనిషి ద్వారా తెలిసింది. ఒళ్లు మండిపోయింది. వెళ్లి హోటల్ ముందు నాలుగు కేకలు వేసి వచ్చాడు. అయితే కేకల వల్ల పెట్టెలోని ఫోను బయటికి రాలేదు. ఆమెను ఓదార్చాలని ఉంది, ఎలాగో తెలియదు. తెలిసిన పని ఒక్కటే, టంకం పెట్టడం. అందుకని వసారాలో కూర్చున్నాడు.

భోపాల్‌పట్నం బజారుకు పోయినప్పుడల్లా ఎవరెవరో చేసి చూపించిన వీడియోలు ఫోనులోకి ఎక్కించుకుని వచ్చేవాడు. సిమ్ము వేసే పాత డాంగిల్ ఒకటి పంచాయతీ కాగితాలు చూసే సచివ్ దగ్గర మూల పడి ఉంటే అడిగి తెచ్చాడు. అరచేతిలో పట్టే రూటరు బోర్డు బజారులో కొన్నాడు. రిపేరు షాపులో చచ్చిన ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి అందులో ఇంకా ఊపిరున్న సెల్లులు ఏరుకున్నాడు. అవన్నీ కలిపాడు. డాంగిల్ టవర్ నుంచి నెట్టు పట్టుకుంటుంది, బోర్డు దాన్ని వైఫై చేసి చుట్టూ పంచుతుంది, సెల్లులు రెండింటికీ తిండి పెడతాయి. చెప్పుకుంటే ఇంతే. చెయ్యడానికి మాత్రం రెండు బోర్డులు కాలిపోయాయి, ఒక వేలు కూడా.

ఇంటి కప్పు మీద పెడితే నెట్టు రాలేదు. వెదురు గడకు కట్టి ఎత్తితే ఒక గీత వచ్చి పోయింది. గుట్ట భుజం దాటి టవర్‌ను చూడగల ఎత్తున్నది ఆ చుట్టుపక్కల ఒక్కటే, పెరటి వెనక హడ్మా తాటిచెట్టు. హడ్మా దోర్ల తెగవాడు, కల్లు గీస్తాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎలాగూ ఎక్కుతాడు. చెట్టు మీద కరెంటు లేదు, బ్యాటరీకి అక్కర్లేదు. పొద్దున ఎక్కేటప్పుడు తీసుకెళ్లి, సాయంత్రం దిగేటప్పుడు తెచ్చిస్తే రాత్రంతా ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. ఈ ఆలోచన వచ్చిన రోజున సీతారాములు అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

మొదట దాన్ని స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించాడు. వాన పడదు, ఎలుక కొరకదు. కింద పెట్టి చూస్తే ఫోనులో వైఫై కనబడదు. బోర్డు పోయిందనుకుని విప్పితే కనబడుతుంది. మూత పెడితే మళ్లీ పోతుంది. రెండు రోజులు బోర్డును తిట్టాడు, డాంగిల్‌ను తిట్టాడు, అమ్మిన దుకాణంవాణ్ని తిట్టాడు. స్టీలు గోడ దాటి సిగ్నల్ రాదని తట్టాక తనను తానే తిట్టుకోవాల్సి వచ్చింది.

హడ్మా అభ్యంతరం వేరు. డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి ఇచ్చేశాడు.

"ఇనుము చెట్టెక్కద్దు సీతారామన్నా. గీసే కత్తి ఒక్కటే పోవాలె. మా తాతల నుంచి గంతే. బుర్రల పెట్టియ్యి, తీస్కపోత. బుర్రకైతే చెట్టు ఏమనదు."

ఎండిన సొరకాయ బుర్రలంటే ఆ ఇళ్లలో నీళ్లకూ కల్లుకూ అవే కుండలు. హడ్మా చెట్టెక్కితే నడుముకు రెండు మూడు వేలాడుతూనే ఉంటాయి. సీతారాములుకు ఈ మాట అన్ని విధాలా నచ్చింది. బుర్ర తేలిక, వాన లోపలికి పోదు, సిగ్నల్‌ను ఆపదు. పైగా ఈ అడవి వైపున చెట్టుకు తీగల డబ్బా వేలాడుతూ కనబడితే ఎవరు ఏ బాంబనుకుంటారో, ఎంతమంది వచ్చి ఏమడుగుతారో చెప్పలేం. బుర్రను చూసి భయపడేవాళ్లు ఎవరూ లేరు.

హడ్మాయే ఒక పాత బుర్ర ఇచ్చాడు. సీతారాములు దాని అడుగు గుండ్రంగా కోసి, రూటరును లోపల కూర్చోబెట్టి, కోసిన ముక్కను మైనంతో అతికించాడు. ఛార్జింగ్ వైరు మెడలోంచి వస్తుంది. పని కాగానే లోపలికి తోసి, కల్లు బుర్రలకు పెట్టినట్టే ఆకుల బిరడా పెట్టాడు. మిగతా బుర్రల పక్కన నిలబెడితే ఏది ఏదో అతనికే తెలియనంత చక్కగా కుదిరింది. ఆ పనితనానికి మురిసిపోయాడు. ఆ మురిపెమే కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

బుర్ర చెట్టెక్కింది. వాకిట్లో ఫోను పట్టుకుని నిలబడితే గీతలు నిండుగా ఉన్నాయి. సీతారాములు పెట్టె తెరిచి, దుర్గమ్మ చూస్తుండగా ఆమె ఫోను బయటికి తీశాడు. చెట్టు కొన చూపించాడు. రాధ ఫొటో చూపించాడు. క్యాలెండరులో ఆదివారం మీద వేలు పెట్టాడు. రాధకు సెలవు ఆ ఒక్కరోజే. బండ మీదికి వెళ్లి హాస్టల్ వార్డెనమ్మకు ఫోను చేసి, మధ్యాహ్నం తిండి వేళ దాటాక రాధను సిద్ధంగా ఉండమనమని చెప్పి వచ్చాడు. దుర్గమ్మ చెట్టు వైపు, ఫొటో వైపు మార్చి మార్చి చూసింది. నమ్మిందో లేదో అతనికి అర్థం కాలేదు. కానీ ఆ వారమంతా రోజూ పొద్దున్నే క్యాలెండరు ముందు నిలబడడం చూశాడు.

శనివారం మద్దేడ్‌లో పెళ్లి తగిలింది. వెళ్లక తప్పలేదు. సాయంత్రం హడ్మా చెట్టు దిగి చూస్తే సీతారాములు ఇంట్లో లేడు. దుర్గమ్మ వాగుకు పోయింది. బుర్రను వాకిట్లో ఒంటరిగా పెట్టడం ఎందుకని తన బుర్రలతో పాటే ఇంటికి తీసుకెళ్లి, వాటి వరసలోనే పెట్టాడు.

ఆదివారం పొద్దున హడ్మా భార్య గంగే రోజూ చేసే పని మొదలుపెట్టింది. కల్లు బుర్రలు పులిసిపోకుండా రోజూ కడగాలి. గోరువెచ్చటి నీళ్లు పోసి, గుప్పెడు గులకరాళ్లు వేసి గట్టిగా ఆడిస్తే లోపలి మడ్డి వదులుతుంది. ఒక బుర్రకు బిరడా తీసి నీళ్లు పోసి కదిపితే అప్పటికే గలగలమంది. మొగుడు రాళ్లు వేసే పెట్టాడు, ఇన్నాళ్లకు ఇంట్లో ఒక పని చేశాడని సంతోషపడి ఇంకాస్త గట్టిగా ఆడించింది. తర్వాత అన్నిటితో పాటు దాన్నీ కంచె కర్రలకు బోర్లించింది.

సీతారాములు మద్దేడ్ నుంచి వచ్చి నేరుగా హడ్మా ఇంటికే వెళ్లాడు. కంచె మీద బుర్రలు వరసగా ఆరుతున్నాయి. వాటిలో ఒకదాని మెడలోంచి నల్లటి వైరు వేలాడుతోంది. దాని కొసన నీటి బొట్టు.

గంగేకు సంగతి తెలిసింది. మొగుడి వైపు తిరిగి ఒకే మాట అంది.

"గలగలమన్నది. నువ్వే రాళ్లేసినవనుకున్న."

ఆమెను ఏమనాలి? ఎవరినీ ఏమీ అనడానికి లేదు. కల్లు బుర్రలా ఉండాలని తయారు చేసిందే అతను. దాన్ని కల్లు బుర్రలా చూసినందుకు ఇంకొకరి మీద కోపం ఎందుకు? బుర్రను చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు.

వాకిట్లో దుర్గమ్మ కొత్త చీర కట్టుకుని ఉంది. తలంటుకుని, జడ వేసుకుని, పీట తెచ్చి తాటిచెట్టు ఎదురుగా వేసుకుంది. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. అతని చంకలోని బుర్రను చూసి, ఇది పైన ఉండాలి కదా అన్నట్టు చెట్టు కొన చూపించింది. సీతారాములు బుర్ర వంచాడు. లోపలి నీళ్లు బొట్లు బొట్లుగా నేల మీద పడ్డాయి. దుర్గమ్మ ఆ తడి మరకను చూసి, అతని ముఖం చూసి, పీట తీసి గోడకు ఆనించింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదని అతనికి అనిపించింది.

మైనం ఊడగొట్టి అన్నీ బయటికి తీశాడు. తడిసిన సెల్లులు ఉబ్బాయి. వాటిని దూరంగా మట్టిలో పెట్టేశాడు. బోర్డునూ డాంగిల్‌నూ గుడ్డతో అద్ది, సందుల్లోకి నోటితో ఊది, ఎండకు కాలుతున్న రేకు మీద పరిచాడు. ఆ ఎండాకాలపు ఎండ అందరినీ చంపుతోంది గానీ ఆ రోజు అతనికి మేలే చేసింది. బోర్డు బతికింది. డాంగిల్ కాసేపు బెట్టు చేసి, చివరికి పచ్చ లైటు వెలిగించింది. ఇక సెల్లులు కావాలి. ఆదివారం భోపాల్‌పట్నం పోయి వచ్చేసరికి పొద్దు కుంకుతుంది. ఇంట్లో ఉన్నవి కార్డ్‌లెస్ మైకుల్లో చిన్న సెల్లులే. ఆ సాయంత్రం మళ్లీ మద్దేడ్‌లో రిసెప్షనుంది, పెళ్లివాళ్లు కార్డ్‌లెస్సే కావాలని ముందే చెప్పారు. సీతారాములు ఎక్కువ ఆలోచించలేదు. రెండు మైకులూ విప్పేశాడు.

నడి మధ్యాహ్నం తాటిచెట్టు ఎక్కరు. అది చెట్టు నిద్రపోయే వేళ అంటారు దోర్లవాళ్లు. అడగడానికి సీతారాములు మొహమాటపడుతుంటే, తన పొరపాటును దుర్గమ్మకు అప్పటికే చేతులతో చేసి చూపించిన గంగేయే హడ్మాను ముందుకు తోసింది. హడ్మా చెట్టు మొదట్లో దోసెడు కల్లు వంచి, తన భాషలో దాన్ని ఏదో బతిమాలుకుని, బుర్రను నడుముకు కట్టుకుని ఎక్కాడు.

సీతారాములు పీట మళ్లీ చెట్టు ఎదుట వేసి, దుర్గమ్మను భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆమె రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి ఫోను అతనే పట్టుకోవాలి. ఎదురుగా గొంతుకూర్చుని, తెర ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు. రాధ ముఖం అతనికి కనబడదు. కనబడేది దుర్గమ్మ ఒక్కతే.

ముందు ఆమె కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత చేతులు లేచాయి.

ఇన్నేళ్ల కాపురంలో ఆ చేతులు అంత వేగంగా కదలడం అతను చూడలేదు. రాధ వచ్చినప్పుడు ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు నిజమే, అప్పుడు అతను ఏ పందిట్లోనో వైర్లు లాగుతూ ఉండేవాడు. ఇప్పుడు పక్కకు తిరగడానికి లేదు. దుర్గమ్మ వేళ్లు చెబుతున్నాయి, కనుబొమలు చెబుతున్నాయి, భుజాలు కూడా చెబుతున్నాయి. కాళ్లు ముడిచి చెట్టెక్కింది, అది హడ్మా. బుర్రను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి తృప్తిగా తల ఊపింది, అది గంగే, అచ్చు గంగేయే. రేకు మీద వంగి బుగ్గలు ఉబ్బించి ఊదింది. అది తనేనని సీతారాములు గుర్తుపట్టి నవ్వాడు. దుర్గమ్మ ఇంత హాస్యగత్తె అని ఎవరు చెప్పారు అతనికి? ఊళ్లో ఎవరికి తెలుసు? మధ్యమధ్యలో ఆమె చేతులు ఆగి, రెండు పిడికిళ్లూ బిగిసి ఒళ్లో కదలకుండా కూర్చునేవి. అలసిపోతోంది పాపం అనుకున్నాడు.

నవ్వు తగ్గింది. చేతులు నెమ్మదించాయి. ఇల్లు చూపించింది, వాకిట్లో మంచం చూపించింది, గుండె దగ్గర ఏదో ముడి విప్పుతున్నట్టు వేళ్లు ఆడించింది. మళ్లీ పిడికిళ్లు ఒళ్లో పెట్టింది. కళ్లు తడిగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే తెర ఆగిపోయింది.

మైకు సెల్లులకు అంతే ప్రాణం. సీతారాములు ఫోను తిప్పి చూశాడు, వైఫై గుర్తు లేదు. చెట్టు కొన చూపించి, అయిపోయిందని చెయ్యి తిప్పాడు. దుర్గమ్మ చేతులు అప్పటికే మళ్లీ గాల్లోకి లేచాయి. చెప్పేది సగంలో ఉంది. ఆ సగం ఆగలేదు. చెల్లెలి ముఖం ఉన్న చోట ఇప్పుడు మొగుడి ముఖం ఉంది. ఆ ముఖానికే మిగతాది గబగబా చెప్పేసింది.

అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆమె అది చూసింది. చేతులు దింపి, చీర సర్దుకుని లేవబోయింది. సీతారాములు ఆమె మణికట్టు పట్టుకుని ఆపి, ఆ చేతిని మళ్లీ అంతకుముందున్న ఎత్తుకు లేపాడు.

"మళ్ల చెప్పు," అన్నాడు, ఆమెకు వినిపించదని తెలిసీ.

దుర్గమ్మ అతన్ని పరీక్షగా చూసింది. తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టింది, చిన్నపిల్లకు చెప్పినంత నెమ్మదిగా. ఇల్లు. మంచం. రాత్రి. గుండె దగ్గర ముడి. మళ్లీ ఒళ్లో రెండు పిడికిళ్లు.

అది అలసట కాదని అతనికి అప్పుడు తట్టింది. అదొక మాట. హడ్మాకు చెట్టెక్కడం ఎలాగో, గంగేకు బుర్ర ఆడించడం ఎలాగో, ఇది కూడా ఎవరో మనిషి గుర్తే. ఆమె కథలన్నిటిలోకీ మాటిమాటికీ వచ్చిన మనిషి. సీతారాములు తన రెండు చేతులూ పిడికిళ్లు చేసి ఒళ్లో పెట్టుకుని, ఎవరన్నట్టు తలెత్తాడు.

దుర్గమ్మ కాసేపు తటపటాయించింది. తర్వాత వేలు చాపి అతని గుండె మీద పెట్టింది.

ఊరంతా ఆమెను మూగది అంటుంది. చేతులతో మాట్లాడే ఆమె భాషలో, పిడికిలి విప్పని మూగవాడు అతను. సిగ్గుతో సీతారాములు తల వంచుకున్నాడు. అతని పిడికిళ్లు ఇంకా ఒళ్లోనే ఉన్నాయి, వాటిని ఏం చెయ్యాలో తెలియలేదు. దుర్గమ్మ పీట ముందుకు జరుపుకుని, వాటిలో ఒకదాన్ని అందుకుని, వేళ్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.